అది ఉపవాసం కాదు

“సాక్ష్యం రాసిపెట్టాను. ఆదివారంలోపు రెండుసార్లు చదువుకో, తడబడకుండా ఉంటావు,” అన్నాడు తోమా.

జయకుమారి దొండకాయ వేపుడు బాక్సులో సర్దుతోంది. ఎడమచేత్తో మూత నొక్కిపట్టి, కుడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, చర్చిలో చెప్పాల్సిన ఆ సాక్ష్యం కాగితం అందుకుంది. తను పడ్డ బాధ, తను చేసిన ప్రార్థన, తను కార్చిన కన్నీళ్ళు. రాసింది మాత్రం మొగుడు. కోల్డ్ స్టోరేజీ గుమాస్తా చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. పాత సాక్ష్యమే, చివర్లో తన గురించి రెండు మాటలు కలిపానని చెప్పాడు. బూట్లు తొడుక్కుని, బాక్సు ఇంకా సంచిలో పెట్టలేదేమని అడిగి, ఆమె పెట్టి ఇచ్చాక వెళ్ళిపోయాడు. కలిపిన రెండు మాటలూ చూసింది. ‘నా భర్త ఈనాడు సంఘానికి మాదిరిగా నిలిచి ఉన్నాడు.’

ఆ పాత సాక్ష్యం సంగతి నల్లపాడులో తెలియనివాళ్ళు తక్కువ. ఎనిమిదేళ్ళ కిందట తోమా ఇల్లొదిలి వెళ్ళి తాడేపల్లిలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. పద్నాలుగు నెలలున్నాడు. తర్వాత తిరిగొచ్చాడు. జరిగింది ఇంతే. కానీ చర్చి సంఘంలో ఇంతే అంటే సరిపోదు. భార్య నలభై దినాలు ఉపవాసముంది, రేయింబవళ్ళు ఏడ్చి ప్రార్థించింది, దేవుడు భర్త మనసు తిప్పాడు అని చెప్పాలి. జయకుమారి చెప్పింది. మొదట నల్లపాడులో, తర్వాత పొన్నూరులో, ఒకసారి ఆ తాడేపల్లిలోనే. ఫ్లెక్సీల మీద ఆమె ఫొటో కింద ‘విడిచివెళ్ళిన భర్తను ప్రార్థనతో తెచ్చుకున్న సహోదరి’ అని వేయించేవారు. ఆమె మైకు పట్టుకుని తన సిగ్గు తనే చెప్పుకుంటుంటే తోమా ముందు వరసలో తల వంచుకుని కూర్చునేవాడు. వంచిన ఆ తల చూసి జనం కరిగిపోయేవారు. రెండో ఏడు తిరిగేసరికి అతన్ని సంఘపెద్దను చేశారు. అసలు ఇల్లే వదలని మగవాళ్ళు ఆ సంఘంలో ఇరవైమంది ఉన్నారు, వాళ్ళెవరికీ ఆ పెద్దరికం రాలేదు. ఆ పద్నాలుగు నెలలూ అతని తల్లికి మూడుపూటలా అన్నం పెట్టిన జయకుమారికి మాత్రం, సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఒక చీర పెట్టారు.

వచ్చే ఆదివారానికి వాళ్ళ పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు. చర్చిలో కృతజ్ఞతా కూటం, తర్వాత భోజనాలు. ఈసారి ఆ కూటానికి ఇంకో పని కూడా ఉంది. జెస్సీ అని, జయకుమారి దగ్గర ఇంటర్ చదువుకున్న పిల్ల, ఆటో నడిపే మొగుడు బెన్నీ కొట్టే దెబ్బలకి పొన్నూరు నుంచి పుట్టింటికి వచ్చేసింది. మూడు వారాలయింది. పాస్టరు జక్రయ్యగారు రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడారు. ఆదివారం సాక్ష్యం ముగియగానే జెస్సీ అందరి ముందూ లేచి బెన్నీ పక్కన నిలబడాలి. ప్రార్థన చేసి అటునుంచి అటే పంపించేస్తారు. జయకుమారి సాక్ష్యం విన్నాక కాదనే ఆడది ఇంతవరకూ లేదని జక్రయ్యగారి నమ్మకం. అది నిజం కూడా. పొన్నూరులో ఒకామె, తాడేపల్లిలో ఇద్దరు, వినేసి వెనక్కి వెళ్ళారు. వెళ్ళాక వాళ్ళేమయ్యారో ఎవరూ చెప్పలేదు, జయకుమారీ అడగలేదు.

ఆమె గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఇన్‌స్పెక్షన్ వస్తే రికార్డులు చూపించేది మగ లెక్చరర్లు, టీ కప్పులు అందించేది ఆమె. “మీ చేత్తో ఇస్తే బాగుంటుంది సిస్టర్,” అంటాడు ప్రిన్సిపాలు. ఆ వారం హార్మోన్ల పాఠం నడుస్తోంది. ఆక్సిటోసిన్ దగ్గరికొచ్చి, కాన్పు నొప్పులు రావడానికీ పాలు దిగడానికీ ఇదే కారణమని బోర్డు మీద రాస్తుంటే భవ్య అనే పిల్ల లేచింది.

“మేడమ్, దాన్నే లవ్ హార్మోన్ అంటారంట. అది ఎక్కితే ఒక్కళ్ళతోనే ఉండిపోతారంట. నిజమేనా?”

క్లాసంతా నవ్వింది. చదివి చెబుతానంది జయకుమారి. అలా అన్నాక చదవకుండా ఊరుకునే రకం కాదు. స్టాఫ్ రూములో చదివింది, బస్సులో చదివింది, కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ పొయ్యి పక్కన నిలబడి ఫోన్లో చదివింది. “ఎలికల గురించి చదవడానికి కూడా జీతం ఇస్తారా మీ కాలేజీ వాళ్ళు?” అంది అత్తగారు కొండమ్మ.

అమెరికా గడ్డి మైదానాల్లో వోల్ అనే జంతువుంది. మన పొలం ఎలుకకి దూరపు చుట్టం, పిడికిట్లో పడుతుంది. ఒకసారి జత కట్టిందంటే చాలావరకు ఆ జతతోనే బతుకుతుంది. పాలిచ్చే జంతువుల్లో అలాంటివి బహు తక్కువ కాబట్టి శాస్త్రవేత్తలు దీని మెదడు మీద పడ్డారు. ఆడదాని మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కిస్తే, కలవకపోయినా సరే, కొన్ని గంటల్లోనే పక్కనున్న మగదాన్ని తనవాడనుకుంటుంది. మగదానిలో ఆ పని ఎక్కువగా వాసోప్రెసిన్ చూసుకుంటుంది. ఇష్టమైన తిండి తింటే హాయినిచ్చే డోపమైన్ కూడా వచ్చి చేరుతుంది. ఈ ఒక్కరి వాసనకీ ఆ హాయికీ ముడిపడిపోతుంది. అంతే సంగతి. ప్రమాణాలు లేవు, సాక్షి సంతకాలు లేవు.

శుక్రవారం ఇదంతా క్లాసులో చెప్పింది. మగ వోల్ కూడా గడ్డి మోసుకొచ్చి గూడు కడుతుంది, ఆడది మేతకి పోతే పిల్లల మీద పడుకుని వెచ్చగా ఉంచుతుంది, నాకి శుభ్రం చేస్తుంది అనగానే, వెనక బెంచీ నుంచి, “మా నాన్నకి ఒక ఇంజెక్షన్ చేయించండి మేడమ్,” అని వినబడింది. ఆడపిల్లలు బల్లలు చరిచారు. వోల్ జంటల్లో కూడా పక్కచూపులు ఉంటాయని, గూట్లో పిల్లలన్నీ ఆ మగదానివే కానక్కర్లేదని ఆమె చెప్పలేదు. చెబితే ప్రిన్సిపాలుకి ఫోన్లు వస్తాయి.

చెప్పనిది ఇంకొకటి ఉంది. దాన్ని ఆమె మూడుసార్లు చదివింది. జత కట్టిన వోల్‌ని తీసి నాలుగైదు రోజులు విడిగా ఉంచి, తర్వాత నీళ్ళ తొట్టిలో వేశారు. మామూలుదైతే కాళ్ళు కొట్టుకుని ఈదుతుంది. ఇది ఈదలేదు. ఊరికే తేలుతూ ఉండిపోయింది. తోడబుట్టినదాన్ని దూరం చేస్తే ఇలా కాలేదు, జతను దూరం చేస్తేనే అయింది. కారణం వెతికితే, జత కట్టినప్పటి నుంచే మెదడులో ఒత్తిడి రసాయనం ఒకటి పోగుపడుతోందని తేలింది. జత పక్కనున్నంతకాలం అది అలాగే పడి ఉంటుంది. కల్లంలో ఆరిన మిరపకాయల కుప్ప కదపనంతసేపూ ఏమీ అనదు, కదిపితే ఊపిరాడనివ్వదు. ఇదీ అంతే. విడదీసిన రోజున లేస్తుంది. ఆ రసాయనం పనిచేయకుండా మందిస్తే, అదే జంతువు, జత లేకపోయినా శుభ్రంగా ఈదింది. అంటే అది గూటికి తిరిగొచ్చేది అక్కడి సుఖం కోసమే కాదు, బయటుంటే పుట్టే బాధకి తాళలేక కూడా. ఇంకెవరో మరికొన్నాళ్ళు ఆగి చూశారు. నాలుగు వారాలు విడిగా ఉన్నాక అవి ఇంకొకదానితో కొత్తగా జత కట్టగలిగాయి.

ఆమె చదివిన ఆ రెండు ప్రయోగాలూ మగవాటి మీదే చేశారు. ఆడది నీళ్ళలో పడితే ఎలా ఉంటుందో జయకుమారికి ఒకరు చెప్పక్కర్లేదు. తోమా వెళ్ళిపోయిన ఆ ఎండాకాలం ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. నమిలి నమిలి తీసేసేది. కాలేజీకి వెళ్ళేది, పాఠం చెప్పేది, ఏం చెప్పిందో గుర్తుండేది కాదు. సంఘం స్త్రీలు ప్రార్థనకి వచ్చి, వదిలేసిన కంచం చూసి, ఉపవాసమా సిస్టర్ అన్నారు. ఔనో కాదో చెప్పే ఓపిక లేక ఊరుకుంది. వాళ్ళే రోజులు లెక్కేసుకున్నారు, వాళ్ళే నలభై అని తేల్చారు. ప్రభువు ఉపవాసమున్నదీ అన్ని దినాలే, ప్రసంగాల్లో వినీ వినీ ఉన్న అంకె కాబట్టి అందరికీ నచ్చింది. ఆకలి చచ్చిపోయిన ఆడదాన్ని చూసి భక్తి అన్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళదామని ఒక్కళ్ళూ అనలేదు.

ఆ సాయంత్రం కాలేజీ గేటు దగ్గర జెస్సీ కనిపించింది. చిక్కిపోయింది. జయకుమారి ఆమెకి ఎడమపక్కన నిలబడి పలకరిస్తే జెస్సీ తల మొత్తం తిప్పి చూసింది. ఆ చెవి సరిగ్గా వినపడటం లేదంది.

“మేడమ్, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు నలభై దినాలు అన్నం ముట్టలేదని సాక్ష్యంలో చెప్పారు కదా. నాకూ ముద్ద దిగట్లేదు. నిద్ర లేదు. వీధిలో ఆటో ఆగితే బెన్నీనేమో అని లేచి కూర్చుంటున్నా. గోడకేసి కొట్టినవాడి కోసం నాకెందుకిలా ఉంటుంది మేడమ్? అంటే నాకు అతనంటే ప్రేమే కదా?”

జయకుమారి నోట్లో జవాబు ఉంది. బస్సు వచ్చింది. ఆదివారం చెబుతాను లేమ్మా అంది. దానికి పిరికితనం తప్ప ఇంకో పేరు లేదు.

“ఆదివారం మీరు చెప్పాక నేను ఆలోచించేదేం ఉండదు మేడమ్. బెన్నీ ఆటో చర్చి ముందే పెడతానన్నాడు,” అంది జెస్సీ.

శనివారం పొద్దున కొండమ్మ, జయకుమారి వరండాలో గోనె పరుచుకుని భోజనాల కోసం మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. కొండమ్మకి డెబ్బై ఎనిమిది. నలభై ఏళ్ళు మిర్చి షెడ్లలో ఇదే పని చేసింది. మూడువేళ్ళతో అలా తిప్పుతుంది, తొడిమ ఊడిపోతుంది, కాయ చిట్లదు. జయకుమారి వేళ్ళు అప్పటికే మండుతున్నాయి. తోమా లోపల ఫోన్లో షామియానా వాడితో మాట్లాడుతున్నాడు. జయకుమారి అడిగింది, “అత్తమ్మా, మీ అబ్బాయి లేనప్పుడు నేనెలా ఉండేదాన్ని?”

“మొదట్లో శవంలా ఉన్నావు,” అంది కొండమ్మ చెయ్యి ఆపకుండా. “క్రిస్మస్ దాటాక తేరుకున్నావుగా. ఒళ్ళు చేశావు. ఆదివారం ఆదివారం రొయ్యలు తెచ్చి గోంగూర వేసి వండేదానివి. వాడికి గోంగూర గిట్టదుగా. పాటలు కూడా పాడుకున్నావు. నేను చూళ్ళేదనుకున్నావా?”

జయకుమారి వేళ్ళు ఆగిపోయాయి. ఆ నెలల గురించి ఆమె ఏ మైకులోనూ చెప్పలేదు. తనకి తను కూడా గట్టిగా చెప్పుకోలేదు. తొమ్మిదో నెలలో ఒకరోజు, కాలేజీ నుంచి వస్తూ బజ్జీల బండి దగ్గర ఆగి, నిలబడి నాలుగు తినేసింది. తిన్నాక గానీ తెలియలేదు ఆకలేసిందని. తర్వాత నిద్ర వచ్చింది. మంచం మీద అడ్డంగా పడుకునేది. జీవితంలో మొదటిసారి ఉదయం ఐదింటికి కాక ఆరింటికి లేచింది, ఇల్లేమీ కూలిపోలేదు. హాస్టల్ నుంచి కొడుకు వచ్చి, అమ్మా నువ్వు నవ్వుతుంటే కొత్తగా ఉంది అన్నాడు. తాడేపల్లి బోర్డున్న బస్సు కనబడితే మొహం తిప్పుకునేది, అది కూడా పోయింది. పోయిందని చెప్పడానికే సిగ్గేసింది. మొగుడు పోతే ఏడవడం మర్యాద. ఏడుపు ఆగిపోతే దాన్నేమంటారో ఆమెకి తెలియదు.

“అందుకే కబురు పెట్టా వాడికి,” అంది కొండమ్మ. “కోడలు తేరుకుంది, ఇంకా ఆలస్యం చేశావంటే ఈ ఇంట్లో నీకు చాప కూడా ఉండదు, రారా అని.”

“మీరా పిలిచింది?”

“నేను కాక ఇంకెవరు? ప్రార్థనకి వచ్చే మొహమా వాడిది?” ముసలామె మొదటిసారి తలెత్తింది. “నా కొడుకు లేని కొంపలో నన్ను ఎన్నాళ్ళు ఉంచుకుంటావు నువ్వు? నాకు భయం ఉండదా అమ్మాయ్?”

“ఉంచుకున్నాను కదా అత్తమ్మా. పద్నాలుగు నెలలు.”

“ఉంచుకున్నావు. నేను కాదన్లా. నాకే నమ్మకం కుదర్లా.”

ఆమె మీద కోపం రావాలి. రాలేదు. నలభై ఏళ్ళు సొంత చేతుల్తో సంపాదించుకున్న మనిషి, కొడుకు ఇంట్లో లేకపోతే తన కంచంలో అన్నం ఉండదని భయపడింది. ఆ భయం ఆమెలో పుట్టింది కాదు, పెట్టింది. పెట్టినవాళ్ళు ఆరేడేళ్ళుగా జయకుమారి చేత మైకులో ఊరికో మనిషికి అదే పెట్టిస్తున్నారు. రేపు జెస్సీకి పెట్టమంటున్నారు.

ఆదివారం చర్చి నిండింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, తలుపు బయట షామియానా కింద భోజనాల బల్లలు. జెస్సీ నాలుగో వరసలో తల్లి పక్కన కూర్చుంది. ఆమె బట్టల సంచి కాళ్ళ దగ్గరుంది. బెన్నీ కొత్త చొక్కా వేసుకుని పక్క తలుపులో నిలబడ్డాడు. జక్రయ్యగారు దాంపత్యం మీద కొంతసేపు మాట్లాడి, ఈ సహోదరి కన్నీళ్ళు మనందరికీ పాఠం అని మైకు అందించారు. తోమా ముందు వరసలో అప్పుడే తల వంచాడు.

జయకుమారి కొంగు తలమీదకి లాక్కుని మైకు తీసుకుంది. రాసిచ్చింది తియ్యలేదు.

“నా సాక్ష్యం మీరు చాలాసార్లు విన్నారు. అందులో ఒక తప్పుంది, దిద్దుకుందామని నిలబడ్డాను. నలభై దినాలు ఉపవాసమున్నానని చెప్పేదాన్ని. అది ఉపవాసం కాదు. అన్నం దిగలేదు. కలిసి బతికిన ప్రాణుల్ని విడదీస్తే మెదడులో ఒక రసాయనం లేస్తుంది. ఎలుకలాంటి జంతువుకి కూడా లేస్తుంది, దాన్ని నీళ్ళలో వేస్తే ఈదటం మానేస్తుంది. నాకూ అదే అయింది. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను, మీరు ప్రార్థన అనుకున్నారు. మంచివాడు దూరమైనా అది లేస్తుంది, కొట్టేవాడు దూరమైనా లేస్తుంది. దానికి మనిషి మంచీ చెడ్డా తెలియదు.”

జక్రయ్యగారు ఒకడుగు ముందుకేశారు. “స్తోత్రం చెప్పి ముగించండి సిస్టర్.”

“ముగిస్తానయ్యగారూ. ఒక్క మాటే ఉంది. అది తగ్గుతుంది. నాకు తొమ్మిది నెలలకి తగ్గింది. ఆకలేసింది, నిద్రపట్టింది, హాయిగా ఉన్నాను. అలా అయిదు నెలలు హాయిగా ఉన్నాక ఆయన వచ్చారు.”

అలవాటు కొద్దీ ఎవరో ఆమేన్ అన్నారు.

నాలుగో వరసలోంచి జెస్సీ అడిగింది, చెవి బాగాలేనివాళ్ళు అడిగినట్టు కాస్త గట్టిగానే. “ఎన్ని నెలలన్నారు మేడమ్?”

“తొమ్మిది. నీకు ఇంకా తొందరగా తగ్గొచ్చు. చిన్నదానివి.”

“లే జెస్సీ,” అన్నాడు బెన్నీ తలుపులోంచి. జెస్సీ లేవలేదు. వినబడనట్టు కూర్చుంది. నిజంగానే వినబడలేదేమో, అతను నిలబడింది ఆమెకి ఎడమవైపు. రెండోసారి అనబోయేలోపు జెస్సీ తల్లి ఆ సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. జక్రయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. సగం మంది అందుకున్నారు, సగం మంది అందుకోలేదు. బయట బెన్నీ ఆటో కాసేపు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర ఎవరూ జయకుమారితో మాట్లాడలేదు. కొండమ్మ మాత్రం పక్కన జరిగి చోటిచ్చి, జెస్సీని కూడా పిలిచి కూర్చోబెట్టి, వడ్డించేవాణ్ణి కేకేసింది. ముగ్గురూ తిన్నారు. జెస్సీ కొంచెమే తిన్నది. జయకుమారి ఇంకో ముద్ద అని బతిమాలలేదు.

చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర తోమా వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. ఎప్పుడూ జనం చూడటం కోసం వంచిన తల, ఇప్పుడు ఎవరూ చూడకపోయినా అలాగే ఉంది.

“ఈ మాట నేను వచ్చిన రోజే చెప్పొచ్చుగా,” అన్నాడు.

“మీరు అడగలేదు. వచ్చి కంచం ముందు కూర్చున్నారు. అన్నం పెట్టాను.”

అతను డ్రమ్ములో మగ్గు ముంచి, నీళ్ళు పోసుకోకుండా అలాగే పట్టుకున్నాడు. “పోనీ ఇప్పుడు అడుగుతున్నా. నేను ఉండాలా, పోవాలా?”

జయకుమారి అతని చేతిలో మగ్గు తీసుకుని తన చేతులు కడుక్కుంది.

“ఇరవై అయిదేళ్ళలో మొదటిసారి అడిగారు,” అంది. “ఆలోచించుకుని చెబుతాను.”